కాయ లేచింది, నీళ్ళు పడలేదు

(కనిగిరి దగ్గర ఒక మెట్ట పొలం. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోదానికి నీళ్ళు చూసే ఆయన కొబ్బరికాయతో చోటు చూపించి వెళ్ళాడు. రేపు రిగ్గు రావాలి. గట్టు మీద రైతు, ఆయన తమ్ముడి కూతురు. ఆమె హైస్కూల్లో సైన్సు చెబుతుంది.)

పెదనాన్న: నా కళ్ళతో చూశాను తల్లీ. అరచేతిలో పడుకోబెట్టిన కాయ ఇక్కడికి రాగానే నిటారుగా లేచింది.

అమ్మాయి: లేవడం నేనూ చూశాను పెదనాన్నా. కింద నీళ్ళు ఉన్నందుకే లేచిందా? చెయ్యి మనకు తెలియకుండా కాస్త కదిలినా లేస్తుంది.

పెదనాన్న: అదీ నీ ఊహే కదా!

అమ్మాయి: ఊహే. బడిలో పరికల్పన అంటాం. ఆయనదీ పరికల్పనే. కానీ ఏం జరిగితే తన మాట తప్పో ముందే చెప్పాలి. మొదటి బోరు ఎండినప్పుడు ఏమన్నాడు?

పెదనాన్న: రెండడుగులు పక్కన దించారన్నాడు.

అమ్మాయి: రెండోది?

పెదనాన్న: ఇంకో యాభై అడుగులు పోవాల్సిందన్నాడు.

అమ్మాయి: నీళ్ళు పడితే కాయ గొప్ప, పడకపోతే రిగ్గు తప్పు. ఇక ఆయన తప్పని ఎలా తేలుతుంది?

పెదనాన్న: భూగర్భ శాస్త్రం చదివినాయన చూపించిన చోట మాత్రం? పక్క పొలంలో దుమ్మే లేచింది!

అమ్మాయి: నిజం, తప్పాడు. మనది రాతి నేల, నీళ్ళు పగుళ్ళలోనే దొరుకుతాయి. ఎవరికైనా కష్టమే. కానీ పగులు ఎంత లోతున ఉండాలో ఆయన ముందే కాగితం మీద రాసిచ్చాడు. అందుకే తప్పని తేలింది.

పెదనాన్న: అయితే పరీక్ష కోసం పది బోర్లు వేయించమంటావా? ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

అమ్మాయి: ఒక్కటీ వద్దు. 1987–88లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర, నీళ్ళ జాడ చెబుతామన్న 43 మందిని ఒక కొట్టం పై అంతస్తులో నడిపించారు. కింద నీళ్ళ గొట్టాన్ని బండి మీద పెట్టి చోటు మారుస్తూ 843 సార్లు పరీక్షించారు.

పెదనాన్న: ఒక్కరూ చెప్పలేదా?

అమ్మాయి: కొందరు చెప్పారు. వాళ్ళకు శక్తి ఉందనే పరీక్ష పెట్టినవాళ్ళు రాశారు. తర్వాత ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే లెక్కలు తిరగేసి చూస్తే, ఒకసారి బాగా చెప్పినవాళ్ళు మరోసారి చెప్పలేకపోయారు.

పెదనాన్న: మనం ఏం చేద్దామంటావు?

అమ్మాయి: మన కొబ్బరికాయ ఆయన కళ్ళకు గంతలు కట్టి, ఒక్కోసారి ఒక్కో మూల నుంచి ఐదుసార్లు నడిపిద్దాం. ఈ ఐదుసార్లలో కింది నీళ్ళు ఎక్కడికీ పోవు, కాయ ఇక్కడే లేవాలి. నాలుగుసార్లు లేచినా నా ఊహ తప్పని ఆయన ఎదుటే ఒప్పుకుంటాను.

పెదనాన్న (కాసేపు గట్టు వైపు చూసి): గంతలు చాలవు. ఈ గట్టు కాలికి తగిలితే చోటు పోల్చుకుంటాడు. పొద్దున్నే ట్రాక్టరుతో చదును చేయిస్తాను. రిగ్గు వాళ్ళను ఎల్లుండి రమ్మని ఫోను చెయ్యి.