డాష్‌బోర్డు అర్థమైతే ఇక మా పరువేం కావాలి?

నేను డాష్‌బోర్డులు చేస్తాను. కారులో ఉండేవి కాదు, కంపెనీల్లో గోడకు తగిలించిన పెద్ద టీవీలో అక్కడి లెక్కలన్నీ గీతలుగా, బొమ్మలుగా, రంగురంగులుగా కదులుతూ ఉంటాయి చూడండి, అవి. లెక్కలతో కుస్తీ పట్టే అనలిస్టులకు సాయంగా ఉండాలని వీటిని కనిపెట్టారట. ఆ మాట నేనూ విన్నాను. కానీ బిల్లు పాస్ చేసేది అనలిస్టు కాదు కదా, గోడ వైపు ఒకసారి చూసి "అబ్బ, భలే ఉందే" అనే ఎండీగారు. అందుకని ఎవరికి అర్థం కావాలి, ఎవరికి నచ్చాలి అనే ధర్మసందేహం మా వృత్తిలో ఎప్పుడో తీరిపోయింది.

ఆమధ్య విడవలూరు వైపు ఒక రొయ్యల కంపెనీకి పని చేశాను. పన్నెండు గుంటలు. నీళ్లలో ఆక్సిజన్, పీహెచ్, ఉప్పు, వేడి, ఈ నాలుగింటినీ సెన్సర్లు పది నిమిషాలకోసారి పంపిస్తుంటాయి. లెక్కేస్తే రోజుకు 6,912 అంకెలు. అన్నీ ఒకే తెర మీదకు తెమ్మన్నారు, తెచ్చాను. పన్నెండు గుంటలకు పన్నెండు రంగుల గీతలు, ఒకదాని మీద ఒకటి, చిక్కుపడ్డ వలలాగా. మగవాళ్లలో కొందరికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు గదా అని ఎవరో అడ్డుతగిలారు. ప్రమాదం ఎరుపు, క్షేమం ఆకుపచ్చ, ఇది మాకు పెద్దల నాటి నుంచి వస్తున్న ఆచారం, నలుగురి కళ్ల కోసం మార్చేస్తామా?

మేత ఖర్చుకు పై (pie) చార్ట్, అంటే గుండ్రటి బిళ్లను ముక్కలు కోసినట్టుండే బొమ్మ, పెట్టాను. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అని ఇద్దరు గణాంకవేత్తలు పనిగట్టుకుని పరీక్షలు చేసి, ఒకే కొలత మీద పక్కపక్కన నిలబెట్టినవాటిని మన కన్ను బాగా పోల్చుకుంటుందనీ, కోణాల దగ్గరికొచ్చేసరికి తడబడుతుందనీ తేల్చారు. నమ్మకపోతే ఒక కారం దోసెను పన్నెండు ముక్కలు చేసి ఎవరి ముక్క పెద్దదో చెప్పండి చూద్దాం. సరిగ్గా అందుకే నేను పై చార్టే వాడతాను. పైగా దాన్ని త్రీడీ చేసి కాస్త వెనక్కి వాల్చాను. ముందున్న ముక్కలు లావెక్కాయి, వెనకున్న ముక్క, అంటే ఎండీగారి బావమరిది సప్లై చేసే మేత, సన్నబడి ముచ్చటగా కుదిరింది.

బెన్ ష్నైడర్మన్ అనే కంప్యూటర్ సైన్సు పెద్దాయన 1996లో ఒక సూత్రం చెప్పాడు. ముందు మొత్తం చూపించు, తర్వాత కావలసినచోట దగ్గరికి పోనీ, వివరం అడిగినప్పుడు ఇవ్వు అని. మేమూ ఆ క్రమమే పాటిస్తాం: ముందు లోగో, తర్వాత లాగిన్, అడిగినప్పుడు ఓటీపీ.

ఇక తెర నడిమధ్య నా కళాఖండం. అరచేయంత అక్షరాల్లో, ఆకుపచ్చగా, "సగటు ఆక్సిజన్ 5.4". లీటరు నీళ్లకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క; రొయ్యకు నాలుగు దాటితే చాలు, ఇది అయిదున్నరకు దగ్గర్లో ఉంది, ఇంకేం కావాలి? అయితే రొయ్యలకు సగటు గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. పగలు ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే నాచు, రొయ్యలు, అడుగు బురద, అన్నీ కలిసి దాన్ని పీల్చేస్తాయి. మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది ఉన్న గుంట తెల్లవారుజామున మూడు కిందికి పడిపోవచ్చు. ఏడో గుంట అలాగే పడింది. నాలుగున్నరకు రొయ్యలు గట్టు పక్కకు చేరి పైకి తేలుతున్నాయి, గోడ మీద 5.4 పచ్చగా వెలుగుతోంది. 1973లో ఆన్‌స్కోంబ్ అనే గణాంకవేత్త నాలుగు పట్టికలు తయారుచేసి, సగటు ఒకటే అయినా బొమ్మ గీస్తే నాలుగూ నాలుగు దారుల్లో పోతాయని చూపించాడు గానీ, ఆయనకు ఎండీలతో పనిపడి ఉండదు.

ఇక్కడే నాకు ఘోరమైన అవమానం జరిగింది. ఆ ఆఫీసులో కావలి నుంచి వచ్చే అనలిస్టు అమ్మాయి ఒకతె ఉంది. నా డాష్‌బోర్డు చూడకుండా, నా కళ్ల ముందే, నాలుగు గ్రాఫ్ షీట్లు గమ్ముతో అతికించి గోడకు తగిలించింది. ఒక్కో గుంట ఆక్సిజన్‌కు ఒక సన్నటి పట్టీ, పన్నెండూ ఒకదాని కింద ఒకటి, అన్నిటికీ కొలత ఒకటే, ఎడమ నుంచి కుడికి అర్ధరాత్రి మొదలు అర్ధరాత్రి దాకా. రంగు ఒకటే, నీలం బాల్‌పెన్ను. మూడు కిందికి పోయినచోట మాత్రం పెన్సిల్‌తో రుద్దింది. అంతే! లోగో కూడా లేదు!

డ్యూటీ దిగి టీ కోసం వచ్చిన కాపలా మనిషి గ్లాసు పట్టుకుని దాని ముందు అర నిమిషం నిలబడి, "మ్మా, ఏడో గుంట రోజూ తెల్లారుజామున దిగిపోతా ఉంది చూడు. ఆ తూర్పు మూల ఏరేటరు ఆగిపోతా ఉందని నేను అప్పుడే చెప్పానే" అన్నాడు. ఏరేటరంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం లెండి. ట్రైనింగ్ లేదు, యూజర్ మాన్యువల్ లేదు. నా డాష్‌బోర్డుకు రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తాం, భోజనంతో సహా. చూసినవాడికల్లా తెలిసిపోయేదాన్ని అనలిటిక్స్ అంటే ఈ విద్యకు గౌరవం ఏం మిగులుతుంది చెప్పండి.

ఏరేటరు బాగుచేయించారనుకోండి, అది వేరే విషయం. గ్రాఫ్ షీట్లు ఇంటీరియర్‌కు నప్పలేదని మేనేజర్ గారు తీయించేసి, "అదే మన డాష్‌బోర్డులో వచ్చేట్టు చేయన్నా" అని నన్ను పిలిచారు. చేస్తానన్నాను. పన్నెండు పట్టీలనూ త్రీడీలో గుండ్రంగా చుట్టి, మధ్యలో ఒక రొయ్య తిరుగుతూ ఉండేట్టు కొటేషన్ పంపించాను. రొయ్య తిరగడానికి చార్జి విడిగా ఉంటుంది.