పది గెలుపులకు సై యంగా? అవును, న్యాయంగానే

2025లో పిట్స్‌బర్గ్ పిచర్ (బంతి వేసే ఆటగాడు) పాల్ స్కీన్స్‌కు నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా వచ్చింది. అమెరికా బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒక్కోదాంట్లో ఆ ఏడాది ఉత్తమ పిచర్‌కు ఇచ్చే అవార్డు ఇది. అప్పట్నుంచి, అమెరికాలో బేస్‌బాల్ చూసే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్కీన్స్ ఖాతాలో 10 గెలుపులు, 10 ఓటములు ఉన్నాయి. "సగం మ్యాచ్‌లు ఓడినవాడు ఉత్తమ పిచర్ ఎలా అవుతాడు? ఈ అన్యాయం 2018లో జేకబ్ డిగ్రామ్‌తో మొదలైంది" అని ఆ మెసేజ్ మొదలవుతుంది. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ డిగ్రామ్‌కూ 10 గెలుపులతోనే ఈ అవార్డు వచ్చింది. ఆ ఏడాది మెట్స్ ఆటల్ని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కూర్చుని చూసినవాణ్ణి. ఆ మెసేజ్‌లోని మాటలకు ఒక్కోదానికీ జవాబు చెప్పాలనిపించింది.

ముందు చిన్న సవరణ. ఇది డిగ్రామ్‌తో మొదలు కాలేదు. 2010లోనే సియాటెల్ పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్ 13 గెలుపులు, 12 ఓటములతో అమెరికన్ లీగ్ అవార్డు తీసుకున్నాడు. ఆ ఏడాది 21 మ్యాచ్‌లు గెలిచిన సీసీ సబాతియా అతని వెనకే ఉండిపోయాడు.

"గెలిపించడమే పిచర్ పని" అన్నది మొదటి వాదన. పిచర్ ఖాతాలో గెలుపు ఎలా పడుతుందో తెలిస్తే ఈ మాట నిలవదు. ఆట మొదలుపెట్టిన పిచర్ కనీసం 5 ఇన్నింగ్స్ వేయాలి (బేస్‌బాల్ ఆటలో మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి). అతను దిగిపోయేసరికి జట్టు ఆధిక్యంలో ఉండాలి. ఆ తర్వాత వచ్చే రిలీఫ్ పిచర్లు ఆ ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడాలి. మధ్యలో ఒక్కసారి స్కోరు సమమైనా అతనికి గెలుపు రాదు. ఆధిక్యాన్ని పోగొట్టిన రిలీఫ్ పిచర్‌కే, జట్టు మళ్లీ పుంజుకుంటే, ఆ గెలుపు దక్కవచ్చు కూడా!

2018 ఆగస్టు 28 రాత్రి షికాగోలో రిగ్లీ ఫీల్డ్‌లో జరిగింది చూడండి. డిగ్రామ్ 8 ఇన్నింగ్స్ వేసి, 10 మందిని స్ట్రైకౌట్ చేసి (అంటే బంతిని ఆడనివ్వకుండానే అవుట్ చేసి), ఒక్క పరుగే ఇచ్చాడు. మెట్స్‌కు వచ్చిన ఆ ఒక్క పరుగు కూడా డిగ్రామే బ్యాట్ పట్టి, హిట్ కొట్టి తెచ్చాడు. 1-1 దగ్గర వాన పడి ఆట ఆగింది. మర్నాడు కొనసాగించారు. స్కోరు సమంగా ఉండడంతో పొడిగించిన ఆటలో, 11వ ఇన్నింగ్స్‌లో మెట్స్ 2-1తో ఓడింది. బంతీ అతనే వేశాడు, పరుగూ అతనే తెచ్చాడు. గెలుపుల లెక్కలో మాత్రం ఆ రాత్రికి సున్నా. ఇంకేం చేయాలి ఆ మనిషి?

మనకు క్రికెట్ తెలుసు కాబట్టి ఇంకో మాట. 1999లో కోల్‌కతా టెస్టులో పాకిస్తాన్ మీద శ్రీనాథ్ 13 వికెట్లు తీశాడు, ఇండియా ఓడిపోయింది. ఆ ఓటమిని శ్రీనాథ్ ఖాతాలో రాసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రెండో వాదన: "వాషింగ్టన్ పిచర్ మ్యాక్స్ షెర్జర్‌కు 18 గెలుపులు, 300 స్ట్రైకౌట్లు. అవార్డు అతనిదే." షెర్జర్ అంటే నాకూ గౌరవమే, ఆ సీజన్ గొప్ప సీజనే. కానీ ఇద్దరూ వేసిన ఇన్నింగ్స్ దాదాపు సమానం. డిగ్రామ్ 217, షెర్జర్ 220 పైచిలుకు. అన్ని ఇన్నింగ్స్‌లో ఫీల్డర్ల తప్పులు తీసేస్తే షెర్జర్ ఇచ్చిన పరుగులు 62, డిగ్రామ్ ఇచ్చినవి 41. షెర్జర్ బంతుల్లో 23 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) వెళ్లాయి, డిగ్రామ్ బంతుల్లో 10. డిగ్రామ్ ఇచ్చింది తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.70 పరుగులు, అదీ 269 స్ట్రైకౌట్లతో. ఓటు వేసిన 30 మంది విలేకరుల్లో 29 మంది డిగ్రామ్‌కే మొదటి ఓటు వేశారు.

మూడోది అసలైన వాదన, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. "1972లో స్టీవ్ కార్ల్‌టన్ ఫిలడెల్ఫియా లాంటి బలహీనమైన జట్టులో ఉండి 27 గెలిచాడు. నిజంగా గొప్పవాడైతే జట్టు ఎలాంటిదైనా గెలుస్తాడు." నిజమే, ఆ ఏడాది ఫిలడెల్ఫియా మొత్తం గెలిచిందే 59. అందులో దాదాపు సగం కార్ల్‌టన్‌వే. నాకు తెలిసిన సీజన్లలో అలాంటివి చాలా అరుదు. అయితే కార్ల్‌టన్ ఆ ఏడాది 41 ఆటలు మొదలుపెట్టి 30 ఆటల్ని తనే ముగించాడు. అంటే ఆధిక్యం దొరికితే దాన్ని వేరేవాళ్ల చేతికి ఇచ్చే అవసరమే రాలేదు. 2018 నాటికి ఆట మారిపోయింది. డిగ్రామ్ మొదలుపెట్టిన 32 ఆటల్లో చివరిదాకా ఉంచింది ఒక్కదాంట్లోనే. ఏడో ఇన్నింగ్స్ తర్వాత ఎవరి చేతిలో బంతి పెట్టాలో నిర్ణయించేది అతను కాదు, మేనేజరు.

పైగా గొప్పవాడు ఎలాగైనా గెలుస్తాడంటే పిచర్ నోలన్ ర్యాన్‌ను ఏమనాలి? 1987లో నేషనల్ లీగ్ మొత్తంలో అతి తక్కువ పరుగుల సగటు అతనిదే (2.76), స్ట్రైకౌట్లలోనూ అతనే ముందు (270). ఖాతాలో మాత్రం 8 గెలుపులు, 16 ఓటములు! ఆ ఏడాది అవార్డు ఓట్లలో ఆయన అయిదో స్థానానికి పడిపోయాడు. అన్యాయం గురించి మాట్లాడాలంటే అక్కడ మాట్లాడాలి.

చివరిది: "511 గెలుపుల సై యంగ్ పేరు పెట్టిన అవార్డు ఇది, గెలుపులే చూడాలి." యంగ్ 815 ఆటలు మొదలుపెట్టి 749 ముగించాడు. ఆయన గెలుపు ఆయన చేతిలో ఉండేది, అంతే.

మెసేజ్ రాసినవాళ్లు 10 అంకెనే చూశారు. ఆ సీజన్‌లో డిగ్రామ్ మూడు పరుగులకు మించి ఇచ్చింది ఒకే ఒక్కసారి, ఏప్రిల్‌లో మయామీలో. ఆ తర్వాత 29 ఆటలు వరసగా మూడు దాటనివ్వలేదు. అది రికార్డు. పదో గెలుపు ఆఖరి ఆటలో వచ్చింది, సెప్టెంబరు 26న, సొంత మైదానం సిటీ ఫీల్డ్‌లో అట్లాంటా మీద. మెట్స్ అప్పటికే పోటీలో లేదు. ఆ రాత్రి గెలిచినా ఓడినా పట్టికలో మారేదేమీ లేదు. డిగ్రామ్ 8 ఇన్నింగ్స్ వేశాడు. రెండే హిట్లు ఇచ్చాడు. చివరి 20 మంది బ్యాటర్లలో ఒక్కరు కూడా బేస్ చేరలేదు.