కర్త, కర్మ, బూమ్ కర్ర

మా ఫైనలియర్ సినిమా నిడివి 12 నిమిషాలు. అందులో 8 సెకన్లు ఒకే ఒక్క పేరుకి పోయాయి. తెర నిండా నలుపు, నడిమధ్యన సన్నటి తెల్లక్షరాలు. ముందు "ఎ ఫిల్మ్ బై" అని పడింది. అది జనానికి జీర్ణమయ్యేదాకా ఆగి, దాని కింద మా దర్శకుడి పేరు మెల్లగా ఉదయించింది. ఉదయించింది అనే అనాలి. "పడింది" అంటే ఆయన నొచ్చుకుంటాడు.

సౌండ్ చేసిన నా పేరు అసలు వేయలేదని నేను అనను. వేశారు. చివర్లో, రైలు తప్పిపోతున్నట్టు పైకి పరిగెత్తే పేర్ల మూకలో నేనూ ఉన్నాను. ఇంటికెళ్లి ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ లెక్కపెట్టాను. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి ఆయన పేరుకి 192. నా పేరుకి 31. ఆ 31లో మొదటి ఐదింటిలో నా తలకట్లు మాత్రమే కనిపిస్తాయి.

ఇది కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే, ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగు రోజులపాటు రెండు చేతులూ నెత్తి మీదకెత్తి బూమ్ అనే పొడుగాటి మైకు కర్ర పట్టుకున్నవాడికి ఆ మాత్రం అల్పబుద్ధి హక్కుభుక్తంగా సంక్రమిస్తుంది. మీలో ఆ కర్ర పట్టుకున్నవాళ్లకి తెలుసు. మూడో నిమిషానికి భుజాలు వణుకుతాయి. ఆ వణుకు కర్రలోంచి పాకి మైకులో గరగరమంటుంది. ఆ గరగర హెడ్‌ఫోన్లో వినిపించేది మళ్లీ మనకే. మన అలసట మనకే, అదీ పెద్ద సౌండులో.

విషయం గంభీరమైనది కనుక కొంచెం చరిత్రలోకి వెళ్దాం. 1954లో ఫ్రాన్సులో ఫ్రాంస్వా త్రుఫో అనే 21 ఏళ్ల కుర్రాడు ఒక వ్యాసం రాశాడు. ఫ్రెంచి సినిమాలో స్క్రిప్టు రచయితల పెత్తనం మితిమీరిందని అందులో దుమ్ము దులిపాడు. సినిమాకి అసలు కర్త దర్శకుడే అన్న వాదం అక్కణ్నుంచి ఊపందుకుంది. 1962లో అమెరికాలో ఆండ్రూ శారిస్ దాన్ని ఏకంగా సిద్ధాంతం చేసి కూర్చోబెట్టాడు. ఇదంతా మాకు మొదటి సెమిస్టర్లోనే పాఠం. క్లాసులోకి విద్యార్థులుగా వెళ్లినవాళ్లం గంట కొట్టేసరికి కర్తలుగా బయటికొచ్చాం. కర్మ, క్రియ ఎవరివో ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఫైనలియర్లో అడగాల్సి వచ్చింది. మా గ్రూపులో ఐదుగురం, ఐదుగురమూ పుట్టు దర్శకులమే. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లయితే మోసేదెవరన్న సామెత మా కోసమే పుట్టినట్టుంది. మూడు మీటింగులు, రెండు అలకలు అయ్యాక, కథ ఎవడిదైతే వాడే దర్శకుడన్నారు. కథ ఎవడిదంటే, ముందు టైపు చేసినవాడిది. మిగిలిన పదవులు మిగిలినవాళ్ల మీదకి విసిరేశారు. సౌండ్ నాకెందుకు వచ్చిందంటే నా దగ్గర మంచి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. పాటలు వినడానికి కొనుక్కున్నవి.

మా కర్తగారికి సిద్ధాంతాలంటే ప్రాణం, బుకింగ్ ఫారాలంటే పడదు. పరికరాల గదిలో లైట్లకి ముందుగా ఫారం పెట్టడం మర్చిపోయాడు. షూటింగ్ రోజు పొద్దున ఖాళీ చేతుల్తో వచ్చి, మొహం ఏమాత్రం మారకుండా, "మనం డాగ్మా 95 పద్ధతిలో తీస్తున్నాం" అని ప్రకటించాడు. 1995లో డెన్మార్క్‌లో లార్స్ వాన్ ట్రియర్, థామస్ వింటర్‌బెర్గ్ కలిసి పెట్టుకున్న పది నియమాల వ్రతం అది. ప్రత్యేకంగా లైట్లు పెట్టకూడదు. కెమెరా చేత్తోనే పట్టుకోవాలి. సెట్లు వేయకూడదు, ఉన్న చోటే తీయాలి. లైట్లు లేవు, ట్రైపాడ్ కాలు విరిగింది, సెట్టుకి డబ్బు లేదు. మూడు దరిద్రాలకీ మూడు నియమాలు అతికినట్టు సరిపోయాయి. నేను భక్తిగా ఆ పది నియమాలూ చదివాను. పదోది: దర్శకుడి పేరు వేయకూడదు. మా కర్తగారి ప్రతిలో ఆ చివరి పేజీ చిరిగిపోయి ఉంటుంది, పాపం.

ఈ వ్యవహారంలో సినిమా పెద్దలేమీ ఏకాభిప్రాయంతో లేరు. హాలీవుడ్‌లో "ఎ ఫిల్మ్ బై" అన్న మాట మీద రచయితల సంఘానికీ దర్శకుల సంఘానికీ దశాబ్దాలుగా పేచీ. సిటిజన్ కేన్ తీసినప్పుడు ఆర్సన్ వెల్స్ వయసు 25. 1941లో ఆ సినిమా విడుదలైనప్పుడు తన దర్శకత్వం పేరు పడే కార్డు మీదే కెమెరామాన్ గ్రెగ్ టోలండ్ పేరు కూడా వేయించాడు. ఒకే కార్డు, ఇద్దరు మనుషులు. దానివల్ల వెల్స్ కీర్తి ఇసుమంతైనా తగ్గినట్టు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి నేను ఎడిటింగ్ గదిలో ఎత్తాను. "మనం తీసింది సిటిజన్ కేన్ కాదుగా" అన్నాడు మా కర్తగారు. ఆయన నిజం ఒప్పుకున్న సందర్భం అదొక్కటే.

ఇప్పుడు రూమ్ టోన్ గురించి చెప్పాలి.

ఏ గదికి ఆ గదిదే ఒక నిశ్శబ్దం. ఫ్యాను ఆపి, కిటికీ వేసి, అందరూ నోళ్లు మూసుకున్నా గది మూసుకోదు. ఏదో సన్నగా ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య దగ్గో, దర్శకుడి గుసగుసో కోసి పారేస్తే అక్కడ గుంట పడుతుంది. ఆ గుంట పూడ్చడానికి ఆ గది నిశ్శబ్దమే కావాలి, పక్కగది నిశ్శబ్దం పనికిరాదు. అందుకని ప్యాకప్పుకి ముందు అందరూ కదలకుండా 30 సెకన్లు నిలబడాలి. సౌండువాడు జన్మలో అడిగేది ఆ 30 సెకన్లే.

మొదటి ప్రయత్నం. నాలుగో సెకనుకి టేబుల్ మీద ఎవరిదో ఫోను గుర్రుమంటూ పాకింది. రెండో ప్రయత్నంలో పందొమ్మిదో సెకను దగ్గర మా ప్రొడ్యూసర్, "అయిపోయిందా?" అని లోకంలోకెల్లా చిన్న గొంతుతో అడిగింది. అయిపోలేదు. అడగ్గానే మాత్రం అయిపోయింది. మూడోసారి ఎవరో ఎవరి మొహమో చూశారు, నవ్వు. నవ్వొద్దన్నాను. నవ్వొద్దంటే ఆగే నవ్వు ఇంతవరకూ పుట్టలేదు. నాలుగోసారి ఇరవై రెండో సెకను దాకా స్వర్గంలా సాగింది. అప్పుడు మా కర్తగారు గుండె మీద చెయ్యేసుకుని, "అబ్బ, ఈ సైలెన్స్‌లో ఏదో ఫీల్ ఉందిరా!" అన్నాడు. ఆ ఫీల్ 32 బిట్ ఫ్లోట్ అనే మేలురకం రికార్డింగులో, పూర్తి స్పష్టతతో, ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. ఐదోసారి సాక్షాత్తూ ఆయనే కెమెరా ఎత్తుకున్నాడు. కదలకుండా నిలబడ్డ మా మొహాలు ఆయనకి సినిమాలో లేనంత సహజంగా కనిపించాయట. ఒక్కొక్కరి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ క్లోజప్పులు తీశాడు. కొత్త బూట్లు. కిర్రు, కిర్రు, కిర్రు. నేను కళ్లతో అరిచాను. "ఆ కోపం అలాగే ఉంచు" అని సైగ చేశాడు.

ఆరోసారి నాకు 11 సెకన్లు దొరికాయి.

మా సినిమా సౌండులో ఒకచోట హమ్, అంటే గుయ్యిమనే మోత, వచ్చింది. దాని కథా చెబుతాను. షూటింగ్ చేసే ఇంట్లో ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టడం సౌండువాళ్ల పాత చిట్కా. ఇంటికి వెళ్లేటప్పుడు తాళాల కోసం తెరుస్తాం, ఆన్ చేయాలని గుర్తొస్తుంది. నేను అడక్కుండా మా కర్తగారి తాళాలు పెట్టాను, అది నా తప్పు. మధ్యలో ఆయన వెతుక్కుని, తెరిచి చూసి, తాళాలు తీసుకుని, గొప్ప ఉపకారం చేస్తున్నట్టు ఫ్రిజ్ ఆన్ చేసి, ఎవరికీ చెప్పకుండా వచ్చి "యాక్షన్" అన్నాడు. చెవుల్లో తేనెతుట్టె. చెయ్యెత్తాను. "ఎమోషన్ పోతుంది, పోస్టులో చూసుకుందాం" అన్నాడు. పోస్టు అంటే షూటింగ్ అయ్యాక చేసే పని. అందుకు ఎవరో మూడోమనిషి ఊళ్లోంచి వచ్చి అన్నీ సర్దిపెడతాడు అనుకునేవాళ్లకో మాట: పోస్టు అంటే నేనే.

ప్రదర్శన అయ్యాక బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, "రెండో సీన్లో ఆ గుయ్యిమనే సౌండేమిటి?" అని అడిగాడు. "ఎ ఫిల్మ్ బై" గారు కళ్లార్పకుండా నావైపు చూపించి, "సౌండ్ తను చూసుకున్నాడు సార్" అన్నాడు. సినిమా ఆయనది, హమ్ మాత్రం నాది. తన సినిమా తనది కాదనుకునే దర్శకుల కోసం హాలీవుడ్‌లో అలన్ స్మిథీ అనే దొంగపేరు ఉండేది. 1969 సినిమాతో మొదలై చాలా ఏళ్లు నడిచింది. దర్శకులకి పారిపోయే దారి కూడా దర్శకుల సంఘమే వేసిపెట్టింది. కర్ర పట్టుకున్నవాడు పారిపోదామంటే చేతిలో కర్ర.

ఆ 8 సెకన్ల కార్డు కింద సంగీతం వద్దన్నాడు మా కర్తగారు. "నా పేరు కింద ప్యూర్ సైలెన్స్ ఉండాలి." ఏమీ పెట్టకుండా వదిలేస్తే స్పీకర్లు పోయాయనుకుంటారు జనం. అందుకని నా 11 సెకన్లలోంచి ఎనిమిది కత్తిరించి పరిచాను. హాలంతా ఊపిరి బిగబట్టి ఆయన పేరు చూస్తున్నప్పుడు వాళ్లు వింటున్నది నా గది.

రిపోర్టుల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. సినిమాతోపాటు ఒక్కొక్కరం "నేను నేర్చుకున్నది" అని పేజీలకు పేజీలు రాసివ్వాలి. మా కర్తగారు సమష్టి కృషి విలువ నేర్చుకున్నాట్ట. నాలుగు పేజీలు. "నేను" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు. ఫ్రేములు లెక్కపెట్టి కళ్లు పోయాయి.

తండ్రి వేషం వేసిన పెద్దాయన సంగతే నాకు మింగుడుపడటం లేదు. రిటైరైన మనిషి, నాటకాలంటే ఇష్టం, నోటీసు చూసి వచ్చాడు. దారి ఖర్చులు ఆయనవే, చొక్కాలు ఆయనవే. కొడుకు వదిలిన వాయిస్ మెసేజ్ వినే సీను. చొక్కా లోపల చిన్న మైకు నేనే పెట్టాను, కాబట్టి ఆయన ఊపిరి నాకు తెలుసు. మొదటి టేక్‌లో "నాన్నా" అన్న మాట వినగానే ఆ ఊపిరి ఒక్క క్షణం ఆగింది. చేతిలో కర్ర ఉన్న సంగతే మర్చిపోయాను. మా కర్తగారు, "సూపర్ సార్, సేఫ్టీకి ఇంకొక్కటి" అన్నాడు. ఆ ఇంకొక్కటి 14 దాకా పోయింది. ఎందుకంటే మహా దర్శకులు చాలా టేకులు తీస్తారని ఎక్కడో చదివాడు. తొమ్మిదో దానికి పెద్దాయన గొంతు ఎండిపోయింది. పన్నెండో దాని తర్వాత కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. ఒక్కసారి కూడా "ఇంక చాలు బాబూ" అనలేదు. ఆరు రూమ్ టోన్లలోనూ కళ్లు మూసుకుని చెట్టులా నిలబడ్డది ఆయనొక్కడే. సినిమాలో వాడింది మొదటి టేకే. క్లాపు బోర్డు మీద అంకె నా కళ్లతో చూశాను.

దీనికంతటికీ ఆయనకి ఇస్తామన్నది సినిమా కాపీ. పైసా ఇవ్వని సినిమాలో నటుడి కూలి అదే, ఇంకేం లేదు. నాలుగు నెలలైనా ఇవ్వలేదు! అడిగితే, "ఫెస్టివళ్లకి పంపాలిరా, ముందే బయటికిస్తే ప్రీమియర్ పోతుంది" అంటాడు మా కర్తగారు. పాస్‌వర్డ్ పెట్టిన లింకు పంపితే ఏ ప్రీమియరూ పోదురా బాబూ, ఫెస్టివళ్లకి నువ్వు పంపేదే ఆ లింకు! పైగా చివరి పేర్లలో ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. తన పేరు అక్షరాల మధ్య ఎంత ఎడం ఉండాలో రెండు రాత్రులు చూసుకున్న మనిషికి, ముసలాయన పేరు ఒక్కసారి సరిచూడటానికి తీరిక దొరకలేదు. ఇది మతిమరుపు కాదు. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడం. దానికి కళ అని పేరు పెట్టుకుంటే సిగ్గులేనితనం కూడా.

మొన్న ఆ పెద్దాయన నాకే ఫోన్ చేశాడు. మైకు పెట్టినవాడినని నా నంబరు ఉంచుకున్నాడు. "బాబూ, మన సినిమా అయిందా? తొందరేం లేదులే. మనవరాలు అడుగుతోంది." మన సినిమా అన్నాడు. ఆ మాట ఆ ప్రాజెక్టు మొత్తంలో ఎవరి నోటా నేను వినలేదు.

ఎడిటింగ్ ఫైళ్లన్నీ నా హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. బ్యాకప్ కూడా సౌండువాడి పనేనని మొదట్లోనే తేల్చారు కదా. కూర్చున్నాను. ఆయన ఇంటిపేరు సరిచేశాను, రెండు నిమిషాలు పట్టింది. చెయ్యి ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి మొదట్లో ఇంకో చిన్న కత్తిరింపు కూడా చేశాను, 192 ఫ్రేములు. రెండర్ కొట్టి, లింకు పంపించాను.

రాత్రి మెసేజ్ వచ్చింది. "రెండుసార్లు చూశాం బాబూ. మనవరాలు ఏడ్చింది. అవును గానీ, మొదట్లో దర్శకుడి పేరు వేయలేదేంటి?"

"పదో నియమం బాబాయ్‌గారూ" అని జవాబిచ్చాను.