పడవ గలవారి ఆదాయ వ్యయాలు

ఏరు దాటి తెప్ప తగలేశాడని ఒక పెద్దమనిషిని తరతరాలుగా ఆడిపోసుకుంటున్నాం. విశ్వాసం లేనివాడికి ఆయన్నే ఉదాహరణగా చూపిస్తాం. ఆయన పక్షాన ఒక్కరూ మాట్లాడలేదు కాబట్టి ఆ బాధ్యత ఇక్కడ తీసుకోవలసి వస్తోంది. ఆయన చేసిన నేరమల్లా అవతలి ఒడ్డున దిగగానే లెక్క వేసుకోవడం. తెప్పను కట్టేస్తే తాడు కావాలి. తాడు ఎవడో విప్పుకుపోకుండా కాపలా కావాలి. ఎండకు పైన పందిరి, వచ్చే ఏడాదికి కొత్త దుంగలు, దుంగలు మార్చేవాడికి కూలి, కూలివాడికి టీ. వీటన్నిటి ముందు అగ్గిపుల్ల చవక. ఈమధ్య కోనసీమలో బోట్లు కొన్నవాళ్ళలో ఇంతటి ముందుచూపు గలవాడు కనబడడు.

వేట మీద బతికేవాళ్ళ గురించి కాదు ఈ మాట. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు పడవ ఖర్చు చెప్పడానికి వెళితే మనకే నాలుగు చెప్పి పంపిస్తారు. ఈ వ్యాసం ఉద్దేశించింది వేరేవాళ్ళని. రొయ్యల చెరువు వరసగా రెండు పంటలు నిలబెట్టింది, సంక్రాంతికి అల్లుళ్ళు వస్తారు, వాళ్ళను లంకల దాకా తిప్పి తీసుకురావాలి అన్న సదుద్దేశంతో 24 అడుగుల ఫైబర్ బోటు, దాని కడుపులో ఒక డీజిల్ ఇంజను కొని ఊరుకున్న గృహస్థులు ఉన్నారు. కొన్నంతసేపు బేరం ఆడినవాళ్ళు ఆ తర్వాతి సంగతి బేరంలో పెట్టలేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడటమనేది మనకు సామెతల కాలం నుంచీ ఉన్న అలవాటే.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో పన్నెండు రాశులకీ ఆదాయ వ్యయాలు చదువుతారు. రేవులో కట్టేసి ఉన్న బోటుకు మాత్రం చదవరు. ఇది సిద్ధాంతులందరూ కూర్చుని సరిదిద్దవలసిన లోపం. సంవత్సరం పేరు మారినా బోటు ఫలం మారదు: ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 3, అవమానం 7. ఆదాయం ఆ రెండయినా పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటల చలవ. రాజపూజ్యం భోగి, సంక్రాంతి, కనుమ. అవమానం ఎక్కడ జరుగుతుందంటే నదికి సరిగ్గా నడుమ, కొత్తల్లుడు ఎక్కి కూర్చున్నాక.

ఈ లెక్క ముందే తెలిసినవాళ్ళు ప్రపంచమంతటా ఒక మోటు సూత్రం చెప్పుకుంటారు. పడవ ధరలో పదోవంతు ఏటా పక్కన పెట్టాలట. ఆరు లక్షల బోటుకు అరవై వేలు. ఇది వినగానే మన గృహస్థుకు మెరుపులాంటి ఆలోచన వస్తుంది. పాత బోటు రెండు లక్షలకు తీసుకుంటే ఇరవై వేలతో గడిచిపోతుంది కదా! ఈ ఆలోచన వచ్చినవాణ్ణి ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. రెండు లక్షలకు పాత బోట్లు అమ్మేవాళ్ళు కూడా బతకాలి.

రంగు డబ్బాకు బోటు ధర తెలియదు, చదరపు మీటర్లే తెలుసు. నీటిగీత దగ్గర పొడవు 7 మీటర్లు, వెడల్పు 1.8, నీళ్ళలో మునిగేది 0.4 అనుకోండి. వెడల్పూ మునకా కలిపి పొడవుతో గుణిస్తే పదిహేను చదరపు మీటర్ల పైచిలుకు వస్తుంది. అడుగుకు వేసే గుల్లలు పట్టని రంగు, రాగి కలిసినది, చేత్తో పూసినప్పుడు లీటరుకు ఏడు చదరపు మీటర్లు వస్తే గొప్ప. రెండు పూతలకు నాలుగున్నర లీటర్లు. నాలుగే కొన్నవాడికి సరిగ్గా చుక్కాని దగ్గర రంగు అయిపోతుంది. గుల్లలకు ఆ చోటే ఇష్టం. బోటు ఆరు లక్షలదైనా రెండు లక్షలదైనా ఆ నాలుగున్నర లీటర్లు మారవు. పాతదానికి అదనంగా పగుళ్ళు ఉంటాయి. కాబట్టి బడ్జెట్‌ను కొన్న ధర మీద కాదు, పొడవు మీద వేయాలి. పొడవు అనగానే వెడల్పూ లోతూ దానితోపాటే పెరుగుతాయి గనక, 24 అడుగులది కాస్తా 30 అడుగులదైతే ఖర్చు పాతిక శాతం కాదు, అరవై శాతం దాకా పెరుగుతుంది. ఇది ఎక్కాల పుస్తకంలోనే ఉంది. బోటు కొనేరోజు ఎక్కాల పుస్తకం ఇంట్లో ఉండదు.

రంగు వేయాలంటే బోటు ఒడ్డెక్కాలి. పంచాంగం నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. యానాం, ఓడలరేవు, అంతర్వేది దరిదాపుల్లో నీరు పోటుపాట్ల మీద నడుస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ పెద్ద పోటు, అష్టమి నవములకు చిన్నది. పెద్ద పోటు కూడా సరిగ్గా పున్నమినాడు కాక, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఉత్సాహవంతుడు ఆ అతిపెద్ద పోటు చూసుకుని బోటును ఎంత పైకి పోతే అంత పైకి లాగిస్తాడు. తర్వాతి అమావాస్య పోటు అంత ఎత్తు రాలేదంటే బోటు గట్టునే ఉంటుంది. నీళ్ళు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళిపోతాయి. పదిహేనేసి రోజుల చొప్పున కాపలా కూలి పెరుగుతుంది. దుడుకువాడు పున్నమికి రెండు రోజుల ముందే లాగిస్తాడు. అతనిది ఇంకో రకం. మర్నాడు ఇంకా పెద్ద పోటు వచ్చి తడి రంగుతో సహా బోటును తేల్చుకుపోతుంది. తిథి చూసి లాగేవాడు బహుళ చవితి పోటుకు లాగిస్తాడు. అప్పటికి పోట్లు తగ్గుముఖం పట్టి ఉంటాయి. పది రోజుల పాటు నీరు అక్కడికి రాదు. అమావాస్య దాటగానే వచ్చే పోటు దానంతట అదే తేలుస్తుంది. మనుషుల కూలి ఒక్క పూట, తిరిగి దించడానికి ఇంకో పూట. మిగతా పని చంద్రుడు చేస్తాడు, ఆయనకు బిల్లు లేదు.

లాగిన రోజే, తడి ఆరకముందే గీకించాలి. తడి మీద గుల్లలు పొరలు పొరలుగా ఊడతాయి. ఒక్కరోజు ఎండ తగిలితే సిమెంటు. ‘ప్రయాణం చేసి అలిసిపోయాం, రేపు చూద్దాం’ అన్న వాక్యానికి రెండు రోజుల అదనపు కూలి అని బడ్జెట్‌లో రాసుకోవాలి. పాత రంగును పొడిగా రుద్దకూడదు, ఆ దుమ్ము విషం. నీళ్ళు చల్లుతూ రుద్దాలి, మూతికి గుడ్డ కట్టాలి. ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు దగ్గర బిగించే జింకు దిమ్మ సగం తరిగితే మార్చెయ్యాలి. అది తరగడమే దాని ఉద్యోగం, లేకపోతే ఆ పని ప్రొపెల్లర్ చేస్తుంది. దానికి కూడా రంగు పూసే పనిమంతులున్నారు. రంగు పూసిన జింకు ఎన్నాళ్ళయినా చెక్కుచెదరదు, పక్కనే ప్రొపెల్లర్ కరిగిపోతూ ఉంటుంది. బోటును ఎప్పుడూ మంచినీటిలోనే కట్టేసేవాళ్ళకు జింకు పనికిరాదు, మెగ్నీషియం కావాలి. ఉప్పూ తీపీ కలిసే చోటయితే అల్యూమినియం.

గుల్లల విషయంలో గోదావరి కొంత ఉదారంగా ఉంటుంది. అవి ఉప్పునీటి ప్రాణులు. ఎర్రనీరు దిగి పాయంతా తియ్యబడ్డాక చచ్చిపోతాయి. ఈ సంగతి తెలిసిన పొదుపరి ఆ ఏడాది రంగు మానేస్తాడు. చచ్చిన గుల్ల ఊడిపోతుందని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. ప్రాణం పోయినా పెంకు పట్టుకునే ఉంటుంది, డీజిల్ తాగిస్తూనే ఉంటుంది.

ఫైబరు పగులుకు పట్టీ వేయడం చాలామంది రోహిణి కార్తెకు వాయిదా వేస్తారు, అప్పటికి సెలవులు కాబట్టి. ఆ ఎండలో రెజిన్ బ్రష్షు మీదే గడ్డకడుతుంది. కిలో రెజిన్‌కు హార్డెనర్ 10 నుంచి 20 మిల్లీలీటర్ల మధ్య పడుతుంది. ఎండ ముదిరితే పదికి దగ్గరగా ఉండాలి. పట్టీకి వాడే గాజునార మ్యాట్ బరువుకు రెండు, రెండున్నర రెట్ల రెజిన్. పని తెల్లవారుజామున. హార్డెనర్‌ను, గడ్డకట్టడాన్ని తొందరపెట్టే కోబాల్టును ఒకదానిలో ఒకటి నేరుగా పోస్తే భగ్గుమంటుంది. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిసిన తర్వాతే రెండోది. మాఘ ఫాల్గుణాల్లో చేయించుకుంటే ఈ గొడవ ఉండదు. కానీ మాఘమాసంలో పెళ్ళిళ్ళుంటాయి, బోటు అద్దెకు పోతుంది. ఆదాయం 2 అని ముందే చెప్పుకున్నాం.

తాళ్ళరేవు వైపు చెక్కబోటు చేయించుకున్న రసికులకు వేరే కష్టం ఉంది. వేసవిలో కాలువ కట్టేస్తారు. బోటు బురదలో కూర్చుంటుంది, పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. జూన్‌లో నీళ్ళు వదిలిన రోజు పలకలు ఉబ్బి బిగిసేలోపు లోపలికీ బయటికీ నీరు సమానమవుతుంది. ఎండాకాలమంతా లోపల తడి గోనెలు పరిచి రోజూ నీళ్ళు చల్లించేవాడు ఒక్క మనిషి చాలు. ఆ మనిషి జీతం దండగన్నవాడు మునిగిన బోటు తీయడానికి ఇరవై మందిని పిలుస్తాడు.

ఇంజను దగ్గర అతి ఖరీదైన వాక్యం ‘ఆయ్, చిన్న పనేనండి బాబూ’. నిజానికి చిన్న పనే. ఇంజనును చల్లబరిచే నీరు లాగే పంపులో అరచేతిలో పట్టే రబ్బరు ఇంపెల్లర్ ఒకటుంటుంది. దాన్ని ఏటా మార్చాలి. గుర్రపుడెక్క నీటిదారికి అడ్డం పడగానే అది పొడిగా తిరిగి కాసేపట్లోనే మాడి రెక్కలు ఊడతాయి. కొత్తది వేసేముందు పాతదాని రెక్కలు లెక్కపెట్టాలి. ఆరింటిలో నాలుగే దొరికితే మిగతా రెండూ నీటిగొట్టంలో ఎక్కడో ఇరుక్కుని రెండో విడత పనికి ఎదురుచూస్తున్నాయన్నమాట. రెక్కలు లెక్కపెట్టనివాడు ఇంజను హెడ్డు విప్పించిన ఖర్చు లెక్కపెడతాడు. ఇంజనాయిలూ ఫిల్టరూ వంద గంటలకోసారి, గంటలు నిండకపోయినా ఏడాదికోసారి. షాఫ్టు బోటులోంచి నీళ్ళలోకి దిగే చోట ఉండే గ్లాండు దగ్గర బోటు నడుస్తున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి. కారుతోందని గట్టిగా బిగించి గర్వపడేవాళ్ళు చేయి వేసి చూస్తే చాలు, షాఫ్టు కాలుతుంది. వరద రోజుల్లో తిప్పితే ఆ ఒండ్రు ఇంపెల్లర్‌నీ, షాఫ్టు రబ్బరు బేరింగునీ ఒరుసుకుంటూ పోతుంది. రెండింటికీ అదనపు పద్దు.

‘ఈ ఏడు అసలు తియ్యనే లేదండి, ఖర్చేముంటుంది?’ అన్న ప్రశ్నకు సిద్ధాంతులు కూడా జవాబు చెప్పలేరు. తియ్యని బోటుకే ఖర్చు ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చెమ్మ నీరై డీజిల్ కింద చేరుతుంది, నల్లటి జిగురు పెరుగుతుంది. ట్యాంకు నిండుగా ఉంచాలి. అంటే వాడనివాడు ముందు డీజిల్ కొనాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి నెలకోసారి ఛార్జింగ్ పెట్టకపోతే దసరాకు కొత్త బ్యాటరీ. వైర్లు ఎలుకలకు. వాన లోపల నిండుతుంది, నీరు తోడే పంపు ఆ చచ్చిన బ్యాటరీతోనే నడవాలి. పైన నీడ కావాలని కొబ్బరిచెట్టు కింద కట్టేసేవాళ్ళకు కోనసీమ ప్రత్యేక పద్దు ఒకటుంది: కాయ పడ్డ చోటల్లా రెజిన్ అరకిలో.

వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. బోటు గలవారు మొదటి దానికే రెండో తాడు కొనాలి, రెండోదానికి రాత్రి కాపలా పెట్టాలి. మూడోదానికి ఇక కొనేదేమీ ఉండదు. తాడు నైలానుదై ఉండాలి, చవక ప్లాస్టిక్ తాడును ఎండ ఒక్క వేసవిలో పిండి చేసేస్తుంది. రేవు మెట్ల దగ్గరి గుంజకు పొట్టిగా కట్టి ఇంటికొచ్చి పడుకుంటే, పెరిగే నీటితో పైకి లేవలేక బోటు ముక్కు కిందికి గుంజుకుని మునుగుతుంది. గట్టు మీది చెట్టుకు ఎత్తులో, వదులుగా కట్టి, రెండు మూడు గంటలకోసారి సర్దాలి. వరద తీసేటప్పుడు కూడా అంతే శ్రద్ధ కావాలి, లేకపోతే బోటు గట్టు మీద దిగుతుంది. ఇదే రోజుల్లో మార్కెట్లోకి పులస వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. వాళ్ళకు బోటు లేదు కాబట్టి అనగలిగారు. ఒకే జత పుస్తెలు పులసకూ గేర్‌బాక్సుకూ చాలవు.

రిజిస్ట్రేషను, తనిఖీ, బీమా, మనిషికొకటి చొప్పున లైఫ్ జాకెట్లు ఉన్నాయి. 1917 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. జనాన్ని ఎక్కించుకుని తిప్పేవాళ్ళు వీటి దగ్గర పొదుపు చేయకూడదు, దాని మీద వ్యంగ్యం కూడా రాయకూడదు.

ఇన్ని పద్దులూ రాసి, మొత్తంలో అయిదోవంతు ‘ఊహించనివి’ అని పక్కన పెట్టాక చాలామంది చేసే తీర్మానం, బోటు అమ్మేయడం. మంచిదే. కొనేవాడు ముందు రూపాయి బిళ్ళతో అడుగంతా తట్టుకుంటూ పోతాడు. టక్కుమని పలికితే సరే, మొద్దుగా పలికిన చోటల్లా లోపల పొరలు విడిపోయినట్టు, అక్కడల్లా ధర తగ్గించమంటాడు. అందుకని అమ్మకానికి పెట్టేముందు మనమే తట్టి చూసుకుని, డొల్ల ఉన్నచోట కోసి, ఆరబెట్టి, పట్టీ వేయించి, పైన రెండు పూతలు రంగు కొట్టించాలి. అది చేయాలంటే బోటు ఒడ్డెక్కాలి. ఈ నెల బహుళ చవితి దాటిపోయింది.