బ్యాకప్ ‘సక్సెస్’ అంది, ఫైల్లో ఉన్నవి 20 బైట్లే

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు సర్వర్‌ను కొన్నాళ్లు నేను చూసుకున్నాను. ఏ రైతు ఎన్ని మిర్చి టిక్కీలు పెట్టాడు, ఎన్ని తీశాడు, అద్దె ఎంత బాకీ, అన్నీ అందులోనే. రోజూ రాత్రి రెండింటికి, వేళకు పనులు నడిపే క్రాన్ నా షెల్ స్క్రిప్ట్‌ను (వరుసగా నడిచే కమాండ్ల ఫైలును) లేపేది. అది మైసీక్వెల్ డేటాబేస్ డంప్ (పూర్తి నకలు) తీసి, ఒక కమాండ్ ఔట్‌పుట్‌ను నేరుగా తర్వాతిదానికి అందించే పైపు గుండా, ఫైళ్లు కుదించే జీజిప్‌కు పంపి, చివర్లో ‘బ్యాకప్ సక్సెస్’ అని మెయిల్ పెట్టేది. ఒకరోజు గుమాస్తాగారు పాత లెక్క ఒకటి కావాలన్నారు. తెరిచి చూస్తే నెలకు పైగా ఫైళ్లన్నీ ఒకే సైజు: 20 బైట్లు.

డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చిన మాట నిజం. స్క్రిప్ట్‌లో మార్చడం మరిచిపోయింది నేనే. డంప్ రోజూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. జీజిప్‌కు ఏమీ అందలేదు, ఆ ఏమీలేనితనాన్నే అది శ్రద్ధగా మూటగట్టింది. 10 బైట్ల తల, 8 బైట్ల తోక, మధ్యలో ఖాళీ అని చెప్పడానికి 2. పని పూర్తయిందంటూ సున్నా తిరిగిచ్చింది. కమాండ్లు నడిపే షెల్ లెక్కలో సున్నా అంటే విజయం. పైపు మొత్తానికి ఫలితం చివరి కమాండ్‌దే. ముందున్నవాడు చచ్చాడా బతికాడా అని బ్యాష్ అనే ఈ షెల్ అడగదు, ‘పైప్‌ఫెయిల్’ ఆప్షన్ పెడితే తప్ప. అసలు డేటాబేస్ బాగానే ఉంది కాబట్టి నా పరువు దక్కింది.

షెల్ ఇలా ఎందుకుంటుందంటే, అది మొదట కీబోర్డు ముందు కూర్చున్న మనిషి కోసం పుట్టింది. 1979లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తో వచ్చిన బోర్న్ షెల్ అయినా, దాని బాటలో 1989లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం వచ్చిన బ్యాష్ అయినా, ఒక కమాండ్ తప్పితే ఎర్రర్ చూపించి తర్వాతి కమాండ్ కోసం ఎదురుచూస్తాయి. చూసేవాడు ఎదురుగా ఉన్నాడు కదా! రాత్రి రెండింటికి ఎవడూ లేడు. అయినా అలవాటు అదే: ఫోల్డర్ మార్చే ‘సీడీ’ విఫలమైనా, ఫైళ్లు చెరిపే కింది లైన్లోని ‘ఆర్‌ఎం’ ఉన్నచోటే నిలబడి చెరిపేస్తుంది.

మన ఇంజినీరింగ్ ల్యాబుల్లో దీని ఊసు ఉండదు. రికార్డు నిండా ఫ్యాక్టోరియల్, పాలిండ్రోమ్, ఫిబొనాచ్చి. సర్వర్ చూసే మనిషి జన్మలో షెల్‌తో ఫ్యాక్టోరియల్ కట్టడు. అమీర్‌పేట జిరాక్సు నోట్సు కొంత నయం, గ్రెప్, ఆక్, సెడ్ లాంటి కమాండ్ల ఆప్షన్లయినా ఉంటాయి. నా వరకు మొదటి పాఠం ఇలా ఉండాలి: పాస్‌వర్డ్ తప్పిన, డిస్క్ నిండిన ఒక మెషీన్ ఇచ్చి, ఈ స్క్రిప్ట్ నీతో ఎన్ని అబద్ధాలు చెప్తుందో లెక్కపెట్టమనాలి.

ఇంకో పాఠం మా బ్రాడీపేటలోనే ఉంది. ఇక్కడ అడ్రస్ అంటే 4/14: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కానీ అరండల్‌పేటలోనూ నాలుగో లైను ఉంది. పేట పేరు చెప్పకుండా ‘నాలుగో లైను’ అంటే, మీరు నిలబడ్డ పేటలోదే అని అర్థం. షెల్లో రెలెటివ్ పాత్ (పూర్తి అడ్రస్ లేని ఫైలు దారి) కూడా అంతే, మీరున్న ఫోల్డర్ నుంచే లెక్క. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగిందీ ఇలాంటి పేటల తికమకే. సెకండరీ (నకలు) సర్వర్‌లో డేటా డైరెక్టరీ చెరపబోయిన ఇంజినీర్, ప్రైమరీ (అసలు) సర్వర్ మీద చెరిపాడు. తేరుకుని ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది.

నన్ను వెంటాడేది ఆ తర్వాతి ముచ్చట. బ్యాకప్ కోసం వెతికితే అదీ లేదు. వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాం 9.2, వెర్షన్ కుదరక రోజూ విఫలమవుతోంది. ఆ విషయం చెప్పే మెయిళ్లను అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. అంతకు ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు డిస్క్ నకలు) వాళ్లను కాపాడింది. అంత పెద్ద కంపెనీ, నా కోల్డ్ స్టోరేజీ, రోగం ఒక్కటే.

కమాండ్ తప్పగానే స్క్రిప్ట్‌ను ఆపే ‘సెట్ మైనస్ ఈ’ రాస్తే చాలదా అంటారు. షాపు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టినట్టు ప్రతి స్క్రిప్ట్ నెత్తిన అది అంటించడం చూస్తున్నాను. ‘ఇఫ్’ షరతులో తప్పిన కమాండ్‌ను అది పట్టించుకోదు. ‘సెట్ మైనస్ యూ’ ఇంకాస్త ఉపయోగం, విలువ పెట్టని వేరియబుల్ దగ్గర ఆపేస్తుంది. ఖాళీ స్ట్రింగ్ పెట్టేసి ఉంటే మాత్రం నోరెత్తదు. 2015లో స్టీమ్ అనే ఆటల యాప్ లైనక్స్ స్క్రిప్ట్‌లో ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలి, చెరిపే కమాండ్ రూట్ (అన్నిటికీ మొదటి ఫోల్డర్) మీదికి పోయి, కొందరి ఫైళ్లు ఊడ్చుకుపోయింది. షెల్‌చెక్ అనే ఉచిత పరికరం ఇలాంటివి ముందే పట్టిస్తుంది. ఏఐ రాసిచ్చిన స్క్రిప్ట్‌నైనా దానికి చూపించాకే సర్వర్ ఎక్కిస్తాను.

ఇప్పుడు ఆ ఆఫీసుకు వెళ్లే మెయిల్లో ‘సక్సెస్’ అన్న మాట తీసేశాను. ఇవాళ్టి ఫైలు సైజు, నిన్నటి సైజు పక్కపక్కన వస్తాయి. గుమాస్తాగారికి మెగాబైట్ అంటే ఏంటో తెలియదు గానీ, అంకె తగ్గిన రోజు నాకంటే ముందే ఫోన్ చేస్తారు. మెయిల్ రాని రోజు కూడా.