లెక్కలంటే భయం పుట్టుకతో రాదండీ, మనమే నేర్పిస్తున్నాం

ఎక్కం మధ్యలో ఆగిపోతే బెత్తం తీసే మాస్టార్లు ఇంకా ఉన్నారు. కొట్టనివాళ్ళలో కొందరు గోడకుర్చీ వేయిస్తారు, లేదంటే "నీకు ఈ జన్మలో లెక్కలు రావు" అని క్లాసంతా నవ్వేలా అంటారు. 2009 విద్యాహక్కు చట్టం దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది, అయినా ఇదే తంతు.

1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఆల్బర్ట్ అనే పసివాడి మీద ఒక ప్రయోగం చేశారు. తెల్ల ఎలుకను ముట్టుకోబోతే చాలు, వెనకనుంచి ఉక్కు కడ్డీ మీద సుత్తితో పెద్ద చప్పుడయ్యేలా కొట్టేవారు. అంతకుముందు ఎలుకంటే ఏ భయమూ లేనివాడు కొన్నిసార్లకే దాన్ని చూసి ఏడవడం మొదలుపెట్టాడు, ఆఖరికి కుందేలును చూసినా ఏడ్చాడు. అది ఘోరం అంటాం కదా, మరి ఏడెనిమిదులు అడిగి బెత్తం ఊపడం ఏమిటి? కొన్నాళ్ళకి లెక్కల పుస్తకం తెరిస్తేనే ఆ పిల్లాడికి అరచేతులు చెమటలు పడతాయి.

విరుగుడు కూడా అప్పుడే దొరికింది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, బోనులో ఉన్న కుందేలును దూరంగా ఉంచి, వాడు తట్టుకున్నంత మేరకే దగ్గరికి జరుపుతూ వచ్చింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. ఈరోజుకీ ఫోబియా చికిత్సకి ఇలా మెల్లగా ఎదుర్కోనివ్వడమే ఆధారం. "బావిలో తోసేస్తే ఈత అదే వస్తుంది" అనే పెద్దలు దీన్నే తలకిందులు చేస్తారు. అలాగని పూర్తిగా తప్పించినా లాభం లేదు, తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరటే ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది.

మిషెల్ క్రాస్కె లాంటి పరిశోధకులు చెప్పేది క్లాసులో వాడొచ్చు. భయపడే పనిని ఎదుర్కొనే ముందు పిల్లాణ్ణి "ఏమవుతుందనుకుంటున్నావ్?" అని అడగాలి. "తప్పు రాస్తే అందరూ నవ్వుతారు" అంటాడు. రాయనివ్వండి. ఎవరూ నవ్వకుండా, టీచర్ పక్కన నిలబడి "ఎక్కడ తప్పిందో చూద్దాం రా" అంటే, వాడు అనుకున్నది జరగలేదు, ఆ తేడాయే వాడికి కొత్త పాఠం.

ఇంకో ముఖ్యమైన సంగతి, పాత భయం చెరిగిపోదు, దాని మీద కొత్త అనుభవం చేరుతుందంతే. చోటు మారితే పాతదే పైకి రావచ్చని మార్క్ బౌటన్ అనే పరిశోధకుడు ఎన్నో ప్రయోగాల్లో చూపించాడు. అందుకే ఇంట్లో అక్క దగ్గర గడగడా చేసే పిల్ల పరీక్ష హాల్లో బిగుసుకుపోతుంది. దయచేసి "మళ్ళీ మొదటికొచ్చింది" అని తిట్టకండి, వేరే గదిలో, వేరే మనుషుల ముందు, టైం పెట్టి కూడా చేయించండి. టెన్షన్‌తో బడికే వెళ్ళనంటుంటే మాత్రం క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి తర్వాత, తప్పు చెప్పిన పిల్లాడిని ఆ క్లాసులో ఏం చేస్తారో ముందు అడగండి.