మైకోనోస్‌లో ఇసుక ఎవరిది?

గ్రీసులోని మైకోనోస్ ద్వీపానికి వెళ్లివచ్చామని చెబితే మన వాళ్లు ముందుగా అడిగేది అక్కడి పబ్‌ల గురించి, ఆ తరువాత ఖర్చు గురించి. తెల్లవార్లూ సాగే ఆ సంగీతం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇష్టమున్నవారు వెళతారు, లేనివారు పడుకుంటారు, పైగా కొన్ని దశాబ్దాలుగా ఆ ద్వీపానికి అన్నం పెడుతున్నదే ఆ సందడి. నాకు మింగుడుపడనిదల్లా పగటిపూట జరిగే వ్యవహారం. ఈత కొడదామని వెళ్లిన మనిషికి అక్కడ తువ్వాలు పరుచుకునేంత ఇసుక కూడా ఉచితంగా దొరకడం లేదు.

మైకోనోస్ విస్తీర్ణం సుమారు 85 చదరపు కిలోమీటర్లు, స్థిర జనాభా పది వేలకు కాస్త ఎక్కువ. జులై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి విసురుగా వీస్తుంది కనుక ఆ గాలికి మరుగున్న దక్షిణపు ఒంపుల్లోనే ప్లాటిస్ యాలోస్, ప్యారడైజ్, సూపర్ ప్యారడైజ్, ఎలియా వంటి పేరున్న బీచ్‌లన్నీ ఉన్నాయి, వాటిని ఆనుకుని క్లబ్బులూ వెలిశాయి. వరుసలు వరుసలుగా పరిచిన సన్‌బెడ్లకు, అంటే అద్దెకిచ్చే పడక కుర్చీలకు, నీటికి దగ్గరయ్యేకొద్దీ ధర పెరుగుతుంది; కొన్నిచోట్ల దానికి తోడు ఇంత మొత్తానికి తిని తాగి తీరాలనే షరతు కూడా ఉంటుంది. నేను వెళ్లిన ఒక చోట, పేరు అనవసరం, ఆఖరి వరుసకూ అలలకూ మధ్య మిగిలిన సన్నని పట్టీలో కూర్చుంటే, అక్కడ పనిచేసే కుర్రవాడు ఎంతో మర్యాదగా వచ్చి, ఇది మా అతిథుల దారి, కాస్త పక్కకు వెళ్లండి అన్నాడు. ఆ పక్కన చూస్తే రాళ్లు తప్ప మరేమీ లేవు. అతనిని అని ప్రయోజనం లేదు, యజమాని చెప్పినట్టే అతను చేశాడు.

గ్రీసు చట్టం ప్రకారం సముద్రతీరం ప్రజలందరి ఉమ్మడి ఆస్తి, వ్యాపారులకు ప్రభుత్వం కౌలుకిచ్చేది అందులో కొంత భాగం మాత్రమే. ఒక మూల కౌలుకు తీసుకుని ఒడ్డంతా ఆక్రమించడమే అసలు రోగం. దీని మీద 2023 వేసవిలో పొరుగున ఉన్న పారోస్ ద్వీపవాసులు, మా ఇసుక మాకు కావాలంటూ బీచ్‌లలోకి నడిచి వెళ్లి నిరసన తెలిపినప్పుడు, ఆ పోరాటానికి తువ్వాళ్ల ఉద్యమం అనే పేరు స్థిరపడింది, అది వేరే ద్వీపాలకూ పాకింది. మరుసటి ఏడాది, 2024లో, కొత్త చట్టం వచ్చింది: బీచ్‌లో కనీసం సగం ఖాళీగా ఉంచాలి, రక్షిత ప్రాంతాలలో 70 శాతం వదలాలి, నీటి అంచు నుంచి 4 మీటర్ల లోపు సన్‌బెడ్ వేయకూడదు, ఉల్లంఘనలపై ఎవరైనా మైకోస్ట్ అనే యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. జనం రోడ్డెక్కితే తప్ప ప్రభుత్వం కదలలేదన్నది నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

మైకోనోస్‌లో స్థలమంటే ఎంత డబ్బో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. ఆ ద్వీపంలోని నిర్మాణ అనుమతుల వ్యవహారాలు చూసే పురావస్తు శాఖ ఉద్యోగి ఒకరిని 2023 మార్చిలో ఏథెన్స్‌లో దారుణంగా కొట్టారు, నిరసనగా దేశంలోని పురావస్తు ఉద్యోగులు సమ్మె చేశారు. కొత్తగా కట్టే గోడ కింద ప్రాచీన అవశేషాలు ఉన్నాయో లేవో చూసే మనిషికే ఆ గతి పడితే, బీచ్‌లో గొడుగులు లెక్కపెట్టే అధికారి ఎంత ధైర్యంగా పనిచేయగలడు?

అలాగని గ్రీసు ప్రభుత్వానికి కాపాడడం చేతకాదంటే నమ్మను, ఎందుకంటే మైకోనోస్ పాత రేవు నుంచి పడవలో అరగంట వెళితే డెలోస్ వస్తుంది. అపోలో, ఆర్టెమిస్ పుట్టిన చోటుగా ప్రాచీన గ్రీకులు కొలిచిన ద్వీపమది. క్రీస్తుపూర్వం 426లో ఏథెన్స్‌వారు అక్కడి సమాధులన్నీ తవ్వి తీసి, ఇకపై ఆ నేల మీద జననం గానీ మరణం గానీ జరగరాదని శాసించారు. తరువాత రోమన్ల కాలంలో సుంకాలు లేని రేవుగా మారి, బానిసల సంతగా కూడా పేరుమోసింది కాబట్టి, పవిత్రత పక్కనే వ్యాపారం పెరగడం అక్కడివారికి కొత్తేమీ కాదు. 1990లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ ద్వీపంలో నేడు సందర్శకులెవరినీ రాత్రి ఉండనివ్వరు. హోటల్ లేదు, గొడుగు లేదు, సాయంత్రానికి అందరూ పడవెక్కాల్సిందే. ప్రాచీన శిథిలాల రాళ్ల విషయంలో ఇంత కచ్చితంగా ఉండగలిగిన ప్రభుత్వం ఇసుక విషయంలో మాత్రం ఎందుకు తడబడుతుందో నాకు అర్థం కాదు.

2025 జులై నుంచి క్రూయిజ్ ఓడల్లో మైకోనోస్‌కు వచ్చే ఒక్కొక్క ప్రయాణికుడి నుంచి వేసవి రద్దీ నెలల్లో 20 యూరోల రుసుము వసూలు చేస్తున్నారు. దానిని నేను సమర్థిస్తాను. కొన్ని గంటల కోసం వేలమందిని ఒక్కసారిగా దించే ఓడ ఆ చిన్న ఊరి ఇరుకు సందుల మీద, నీటి మీద మోపే భారానికి ఎవరో ఒకరు చెల్లించాలి. అయితే రేవులో రుసుము కట్టినవారినే ఒడ్డున మళ్లీ మరొకరికి కట్టమంటే అది రెండో దోపిడీ అవుతుంది.

విశాఖ రుషికొండలో 20 రూపాయల ప్రవేశ రుసుము మాట వినిపించగానే భగ్గుమన్న మనవాళ్లు, యూరప్‌లో అడిగినంత కార్డు గీకి, ఆ సన్‌బెడ్ ఫోటోనే గొప్పగా పెట్టుకోవడం నాకు విడ్డూరంగా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో వెళ్లే జంటలకూ, జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో చదువుకుంటూ డబ్బు కూడబెట్టి వెళ్లే పిల్లలకూ నేను చెప్పేది ఇదే. ఉత్తర తీరంలోని ఆయియోస్ సోస్టిస్‌లో సన్‌బెడ్ల వ్యాపారం లేదు, గాలి తగ్గిన రోజు చూసుకుని నీళ్లు, తిండి, గొడుగు మీరే పట్టుకుని వెళ్లండి. దక్షిణానికే వెళ్లాలనుకుంటే తువ్వాలు నీటి అంచున పరుచుకోండి, లేవమన్నవారికి ఆ 4 మీటర్ల నిబంధన చూపండి, వినకపోతే ఫోటో తీసి యాప్‌లో పెట్టండి.